సియాటిల్ – టొరంటో – సియాటిల్ – టొరంటో: మెరీనర్స్ వెంట 2025 అక్టోబర్

ముందు దారి లెక్క. అమెరికా బేస్‌బాల్‌లో రెండు లీగ్‌లు, అందులో ఒకటైన అమెరికన్ లీగ్ ఫైనల్ సియాటిల్ మెరీనర్స్‌కీ టొరంటో బ్లూ జేస్‌కీ (క్లుప్తంగా జేస్) మధ్య. ఇది ఏడు మ్యాచ్‌ల సిరీస్, నాలుగు గెలిచినవాళ్లు అసలు కప్పు పోటీ అయిన వరల్డ్ సిరీస్‌కి వెళ్తారు. మొదటి రెండూ, చివరి రెండూ టొరంటోలో, మధ్య మూడూ సియాటిల్‌లో. రెగ్యులర్ సీజన్‌లో బ్లూ జేస్ 94 గెలిచారు, మెరీనర్స్ 90, అందుకే ఎక్కువ మ్యాచ్‌లు వాళ్ల ఊళ్లో. రెండు ఊళ్ల మధ్య విమానంలో నాలుగున్నర నుంచి ఐదు గంటలు, గడియారంలో మూడు గంటల తేడా, మధ్యలో ఒక దేశ సరిహద్దు. ఈ రెండు టీమ్‌లూ 1977లో ఒకేసారి పుట్టాయి. టొరంటో 1992, 1993లో కప్పు కొట్టేసింది. సియాటిల్ ఇంతవరకూ వరల్డ్ సిరీస్ గడప తొక్కలేదు, అలాంటి టీమ్ మొత్తం లీగ్‌లో ఇదొక్కటే. 2001లో 116 మ్యాచ్‌లు గెలిచి కూడా లీగ్ ఫైనల్లో యాంకీస్ చేతిలో ఓడింది, ఆ తర్వాత 2022 దాకా ప్లేఆఫ్స్ ముఖమే చూడలేదు.

సెప్టెంబర్ మొదట్లో ఈ టీమ్ మీద ఎవరికీ ఆశల్లేవు. ఒక అభిమాని ఎట్సీ అనే ఆన్‌లైన్ అంగడిలో మంత్రగత్తెకి డబ్బు కట్టి టీమ్ పేరు మీద మంత్రం వేయించాడు. అక్కడి నుంచి 18 మ్యాచ్‌ల్లో 17 గెలిచేశారు, హ్యూస్టన్ వెళ్లి ఆస్ట్రోస్‌ని మూడుకి మూడు కొట్టి వచ్చారు. సెప్టెంబర్ 24న కాల్ రాలీ 59, 60వ హోమ్‌రన్లు (బంతిని గోడ అవతలికి కొట్టడం) బాదిన రోజే డివిజన్ టైటిల్ ఖాయమైంది. క్యాచర్‌గా, అంటే క్రికెట్ వికెట్‌కీపర్‌లాంటి పనిలో, ఆడుతూ 60 కొట్టడం ఎంత పెద్ద సంగతో చెప్పాలంటే, అంతకుముందు క్యాచర్ల రికార్డు 48. మంత్రం పనిచేసిందా అంటే, టీమ్‌లో సగం మంది హోమ్‌రన్ కొట్టగలవాళ్లు ఉంటే మంత్రాలు బాగానే పనిచేస్తాయి.

అక్టోబర్ 10, శుక్రవారం, సియాటిల్

లీగ్ ఫైనల్‌కి ముందు రౌండ్, డెట్రాయిట్ టైగర్స్‌తో ఐదో మ్యాచ్. ఓడితే ఇంటికే. రెడ్మండ్, బెల్వ్యూ వైపు తెలుగువాళ్లు చాలామంది కార్లలో బయల్దేరారు. శుక్రవారం సాయంత్రం సరస్సు మీది వంతెనలు ఎలా ఉంటాయో తెలిసిందే. అప్పట్లో బెల్వ్యూ నుంచి 550 బస్సు పట్టుకుని ఇంటర్నేషనల్ డిస్ట్రిక్ట్ దగ్గర దిగి నడిస్తే పార్కింగ్ ఖర్చు, తలనొప్పి రెండూ తప్పేవి. ఎయిర్‌పోర్ట్ వైపు నుంచి వచ్చేవాళ్లకి లైట్ రైల్ మూడు డాలర్లు, స్టేడియం స్టేషన్‌లో దిగాలి. మ్యాచ్ అయ్యాక స్టేడియం స్టేషన్ కిక్కిరిసిపోతుంది, ఉత్తరంగా వెళ్లేవాళ్లు ఇంటర్నేషనల్ డిస్ట్రిక్ట్ స్టేషన్ దాకా నడవడమే మేలు.

టీ-మొబైల్ పార్క్ పైకప్పు గొడుగులాంటిది: వాన పడదు, చలి మాత్రం పక్కల నుంచి దర్జాగా వస్తుంది. అక్టోబర్ రాత్రికి జాకెట్ లేకుండా వెళ్లకూడదు. బయటి తిండి లోపలికి తీసుకెళ్లనిస్తారు కాబట్టి పులిహోర డబ్బాకి ఇబ్బంది లేదు. సాహసం చేయాలనుకుంటే వేయించిన మిడతలు అమ్ముతారు. మ్యాచ్‌కి 312 పొట్లాలే, ఎందుకంటే మెరీనర్స్ పాత స్టార్ ఎడ్గర్ మార్టినెజ్ కెరీర్ బ్యాటింగ్ సగటు .312. ఆలస్యమైతే దొరకవు.

ఇక మ్యాచ్. టైగర్స్ పిచర్ (బంతి వేసేవాడు) టారిక్ స్కూబల్ ఆరు ఇన్నింగ్స్‌లో 13 మందిని స్ట్రైకవుట్ (మూడు స్ట్రైక్‌లతో అవుట్) చేశాడు, అందులో ఏడుగురు వరసగా. ఆరో ఇన్నింగ్స్‌లో కెరీ కార్పెంటర్ రెండు పరుగుల హోమ్‌రన్‌తో టైగర్స్ 2-1 ముందుకెళ్లారు. ఏడులో లియో రివాస్ అనే బెంచ్ ఆటగాడు, తన 28వ పుట్టినరోజున, సింగిల్ (ఒక బేస్‌కి చేర్చే హిట్) కొట్టి సమం చేశాడు. తర్వాత ఏడు ఇన్నింగ్స్ పాటు స్కోరు కదల్లేదు, తొమ్మిదికి సమంగా ఉంటే తేలేదాకా ఆడాల్సిందే. స్టేడియంలో చేప వేషాల పరుగు పందెంలో ఎప్పుడూ గెలవని హంపీ అనే సాల్మన్ ఆ రాత్రే మొట్టమొదటిసారి గెలిచింది. నమ్మకాలున్నవాళ్లకి అది చాలు. పదిహేనో ఇన్నింగ్స్‌లో బేస్‌లు నిండి (మూడింటి మీదా మనుషులు) ఉండగా హోర్హె పొలాంకో సింగిల్, క్రాఫర్డ్ హోమ్ చేరాడు, 3-2. నాలుగు గంటల 58 నిమిషాలు.

ఈ గెలుపుకి ఖర్చెంతో చూడాలి. స్టార్టింగ్ పిచర్ మామూలుగా ఒక మ్యాచ్ వేశాక నాలుగు రోజులు విశ్రాంతి తీసుకుని ఐదో రోజు వేస్తాడు. ఆ రాత్రి కర్బీ మొదలుపెట్టాక, మధ్యలో వచ్చే రిలీఫ్ పిచర్లు అయిపోతుంటే, స్టార్టర్లు గిల్బర్ట్, కాస్టియోలని కూడా దింపారు. కాస్టియో తన మేజర్ లీగ్ కెరీర్‌లో రిలీఫ్‌కి రావడం అదే మొదలు. అంటే ఐదుగురు స్టార్టర్లలో ముగ్గురు ఒకే రాత్రి ఖర్చు. నాలుగోవాడు బ్రయన్ వూ ఛాతీ కండరం గాయంతో బయట. మిగిలింది బ్రైస్ మిల్లర్ ఒక్కడు.

అక్టోబర్ 11, శనివారం, ప్రయాణం

రాత్రి నిద్ర లేకుండా విమానం. వీసా సంగతి ఇక్కడ చూసుకోవాలి. ఇండియన్ పాస్‌పోర్ట్‌తో హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి కెనడా విజిటర్ వీసా కావాలి, అది ముందురోజు దొరికేది కాదు. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లకి పాస్‌పోర్ట్, కార్డు చాలు. పాస్‌పోర్ట్‌లో అమెరికా వీసా స్టాంప్ గడువు తీరినవాళ్లు, ఐ-94 (అమెరికా ప్రవేశ రికార్డు) చెల్లుబాటులో ఉంటే, కెనడాలో 30 రోజుల్లోపు ఉండి తిరిగి రావచ్చు. కాకపోతే అక్కడ కొత్త వీసాకి దరఖాస్తు పెడితే ఆ వెసులుబాటు పోతుంది. ఐ-94 కాపీ ప్రింట్ తీసి పెట్టుకోవాలి. ఈ కాగితాలు లేక, టికెట్ చేతిలో ఉండీ, ఇంట్లో టీవీ ముందు కూర్చునేవాళ్లు ప్రతిసారీ ఉంటారు.

ఇంకో మాట. ఐదు, ఆరు, ఏడు మ్యాచ్‌ల టికెట్ల మీద ‘అవసరమైతే’ అని ఉంటుంది. మ్యాచ్ జరగకపోతే టికెట్ డబ్బు వెనక్కి వస్తుంది, హోటల్ డబ్బు రాదు. రద్దు చేసుకునే వీలున్న గదే తీసుకోవాలి.

అక్టోబర్ 12, ఆదివారం, టొరంటో

పియర్సన్ ఎయిర్‌పోర్ట్ నుంచి యూపీ ఎక్స్‌ప్రెస్ రైలు పావుగంటకొకటి, యూనియన్ స్టేషన్‌కి 25 నిమిషాలు. టాక్సీ దండగ. యూనియన్ నుంచి స్కైవాక్ అనే కప్పున్న దారి రోజర్స్ సెంటర్ దాకా తీసుకెళ్తుంది, చలిలో బయటికి రానక్కర్లేదు. పైకప్పు నాలుగు పలకలు, మూడు కదులుతాయి, తెరవడానికి దాదాపు ఇరవై నిమిషాలు. అక్టోబర్‌లో మూసి ఉన్నప్పుడు లోపలి అరుపులకి పక్కవాడి మాట వినపడదు. ఎదుటి టీమ్ జెర్సీ వేసుకుని కూర్చుంటే వెటకారాలు తప్పవు, గొడవలు అరుదు.

మిల్లర్‌కి మూడే రోజుల విశ్రాంతి. వేసిన మొట్టమొదటి బంతినే జార్జ్ స్ప్రింగర్ స్టాండ్స్‌లోకి పంపాడు. అయిపోయింది అనుకున్నారంతా. అక్కడి నుంచి మిల్లర్ ఆరో ఇన్నింగ్స్ పూర్తయ్యేదాకా ఇంకో పరుగివ్వలేదు. జేస్‌కి మ్యాచ్ మొత్తంలో రెండే హిట్లు. ఆరులో రాలీ హోమ్‌రన్‌తో సమం, పొలాంకో సింగిల్‌తో ఆధిక్యం, చివరికి 3-1. అలసిపోయిన టీమ్ గెలిచింది.

అక్టోబర్ 13, సోమవారం, టొరంటో

కెనడాలో థాంక్స్‌గివింగ్ సెలవు, కాబట్టి దుకాణాలు చాలావరకు మూసే ఉంటాయి. భోజనం సంగతి ముందే చూసుకోవాలి. మిసిసాగా, స్కార్‌బరో వైపు మనవాళ్ల హోటళ్లు ఉన్నాయి గానీ రానూపోనూ సమయం పడుతుంది.

గిల్బర్ట్‌కి రెండు రోజుల విశ్రాంతే, మూడు ఇన్నింగ్స్ వేసి వెళ్లిపోయాడు. మొదటి ఇన్నింగ్స్‌లో హూలియో రోడ్రిగెజ్ మూడు పరుగుల హోమ్‌రన్. జేస్ 3-3 చేశారు. ఐదులో పొలాంకో ఇంకో మూడు పరుగుల హోమ్‌రన్, ఏడులో జాష్ నేలర్ రెండు పరుగులది. నేలర్ పుట్టి పెరిగింది పక్కనే మిసిసాగాలో. సొంతూరి జనం మొహాలు వేలాడేసుకుని చూస్తుండగా బేస్‌లు చుట్టాడు. 10-3. సిరీస్ 2-0.

ఇక్కడే ఒక విషయం గమనించాలి. ఆ పది పరుగుల్లో ఎనిమిది హోమ్‌రన్ల మీద వచ్చాయి. హోమ్‌రన్ పడినంతసేపూ ఈ టీమ్‌ని ఆపేవాళ్లుండరు. పడని రోజు వేరే దారి వీళ్లకి తెలియదు.

అక్టోబర్ 14, మంగళవారం, వెనక్కి

టొరంటో నుంచి అమెరికా వెళ్లేటప్పుడు ఇమిగ్రేషన్ పియర్సన్‌లోనే పూర్తవుతుంది. సియాటిల్‌లో దిగాక సరాసరి రైలెక్కడమే. అందుకని పియర్సన్‌కి మూడు గంటల ముందే చేరాలి, రెండు గంటలు అనుకుని వచ్చినవాళ్లు వరసలో నిలబడి విమానం వెళ్లిపోవడం చూస్తారు.

అక్టోబర్ 15, బుధవారం, సియాటిల్

కర్బీకి మామూలు విశ్రాంతి దొరికింది, సొంత మైదానం, 2-0 ఆధిక్యం. పైగా చల్లటి గాలిలో బంతి ఎగరని మైదానం అని టీ-మొబైల్ పార్క్‌కి పేరు. మొదటి ఇన్నింగ్స్‌లో హూలియో రెండు పరుగుల హోమ్‌రన్. ఊరంతా వరల్డ్ సిరీస్ టికెట్ల ధరలు చూడటం మొదలెట్టింది.

మూడో ఇన్నింగ్స్‌లో తొమ్మిదో స్థానంలో బ్యాటింగ్‌కి వచ్చే ఆండ్రెస్ హిమెనెజ్ రెండు పరుగుల హోమ్‌రన్ కొట్టి 2-2 చేశాడు. తర్వాత గేట్లు తెరుచుకున్నాయి. స్ప్రింగర్, గెరెరో, కర్క్, బార్జర్ తలా ఒకటి, మొత్తం ఐదు హోమ్‌రన్లు, 18 హిట్లు. కర్బీ నాలుగు ఇన్నింగ్స్‌లో ఎనిమిది పరుగులిచ్చాడు. 13-4.

అలసట వల్ల ఓడారని ఆ రాత్రి అందరూ అన్నారు. ఆ మాట నిలవదు. అలసిన మిల్లర్, గిల్బర్ట్ ఉన్న మ్యాచ్‌లు గెలిచారు, విశ్రాంతి తీసుకున్న కర్బీ వేసింది ఓడారు. అసలు కారణం కర్బీ గుణంలోనే ఉంది. అతను వాక్‌లు (జోన్ బయట నాలుగు బంతులు వేసి బ్యాటర్‌ని ఉచితంగా బేస్‌కి పంపడం) ఇవ్వడు, ప్రతి బంతీ స్ట్రైక్ జోన్‌లోనే వేస్తాడు. మామూలు టీమ్‌ల మీద అది గొప్ప గుణం. ఆ ఏడాది లీగ్‌లో అందరికన్నా తక్కువ స్ట్రైకవుట్లు అయిన టీమ్ జేస్. బంతికి బ్యాట్ తగిలించడం వాళ్ల విద్య. అలాంటి వాళ్లకి వరసగా జోన్‌లో బంతులు వేస్తే రెండోసారి బ్యాటింగ్‌కి వచ్చేసరికి లెక్క కట్టేస్తారు. మన నాలుగు పరుగులూ హోమ్‌రన్ల మీద వచ్చినవే, హూలియో రెండు, అరోజరేనా ఒకటి, రాలీ ఒకటి.

అక్టోబర్ 16, గురువారం, సియాటిల్

ఎదురుగా జేస్ పిచర్ మాక్స్ షర్జర్, 41 ఏళ్లు. ఐదో ఇన్నింగ్స్‌లో రెండు అవుట్లయ్యాక జేస్ మేనేజర్ జాన్ ష్నైడర్ మార్చడానికి పిచర్ నిలబడే మౌండ్ మీదికి నడిచొచ్చాడు. షర్జర్ కళ్లెర్రజేసి, ముఖం మీద ముఖం పెట్టి అరిచాడు. ష్నైడర్ నవ్వాపుకుంటూ వెనక్కి తిరిగాడు. షర్జర్ అరోజరేనాని స్ట్రైకవుట్ చేసి ఊగిపోతూ డగౌట్‌కి నడిచాడు. కాస్టియో మూడో ఇన్నింగ్స్ కూడా పూర్తి చేయలేదు, మళ్లీ హిమెనెజ్ హోమ్‌రన్. 8-2. సిరీస్ 2-2, నాలుగు మ్యాచ్‌లూ బయటి ఊరి టీమే గెలిచింది.

అక్టోబర్ 17, శుక్రవారం, సియాటిల్

ఈ మ్యాచ్ కోసం ఎంత ఖర్చు పెట్టినా గిట్టుబాటే. సియాటిల్‌లో ఈ సిరీస్‌కి ఇదే ఆఖరి మ్యాచ్, గెలిచినా ఓడినా. ఇండియాలో చూసేవాళ్లకి శనివారం తెల్లవారుజాము.

యుహెనియో సువారెజ్ రెండో ఇన్నింగ్స్‌లో హోమ్‌రన్. జేస్ నెమ్మదిగా 2-1 చేశారు. ఏడులో, గాయం నుంచి తిరిగొచ్చిన వూ వేసిన బంతి స్ప్రింగర్ మోకాలికి తగిలి అతను కుంటుతూ బయటికెళ్లాడు. స్టాండ్స్‌లో కొందరు చప్పట్లు కొట్టారు. స్ప్రింగర్ హ్యూస్టన్‌లో ఉన్నప్పటి నుంచి ఇక్కడ కోపం ఉంది, అయినా దెబ్బ తగిలినవాడికి చప్పట్లు కొట్టడం సిగ్గుచేటు.

ఎనిమిదో ఇన్నింగ్స్. ష్నైడర్ ఆఖర్లో మ్యాచ్ ముగించే తన క్లోజర్ జెఫ్ హాఫ్‌మన్‌ని దాచిపెట్టి ఎడమచేతి పిచర్ బ్రెండన్ లిటిల్‌ని దింపాడు. రాలీ రెండు వైపులా బ్యాటింగ్ చేస్తాడు, ఎడమచేతి పిచర్ వస్తే కుడివైపుకి మారాలి. లెక్క అదన్నమాట. రాలీ కొట్టిన బంతి ఎంత ఎత్తుకి లేచిందంటే, అది క్యాచ్ అవుతుందా గోడ దాటుతుందా అని స్టేడియం ఊపిరి బిగబట్టింది. ఎడమవైపు గోడ దాటింది, 2-2. లిటిల్ కంగారులో పొలాంకోకి, నేలర్‌కి వాక్‌లిచ్చాడు. తర్వాత వచ్చిన డొమింగెజ్ అరోజరేనాని బంతితో కొట్టాడు. బేస్‌లు నిండాయి. సువారెజ్ కుడివైపు స్టాండ్స్‌లోకి గ్రాండ్‌స్లామ్, ఒకే దెబ్బకి నాలుగు పరుగులు. 6-2.

ఆరుకి ఆరు పరుగులూ హోమ్‌రన్ల మీదే. మంచి రిలీవర్‌ని ‘తర్వాతకి’ అని కూర్చోబెడితే ఆ ‘తర్వాత’ రాకపోవచ్చని ష్నైడర్ ఆ రాత్రి పాఠం నేర్చుకున్నాడు. ఎదుటి డగౌట్‌లో మెరీనర్స్ మేనేజర్ డాన్ విల్సన్ కూడా అదే మ్యాచ్ చూశాడు మరి.

అక్టోబర్ 18, శనివారం, ప్రయాణం

మళ్లీ ఐదు గంటలు. ఒక్క మ్యాచ్ గెలిస్తే చాలు. చిన్న బ్యాగులతో వెళ్లడం మేలు, పెద్ద బ్యాగులు స్టేడియంలోకి రానివ్వరు. టికెట్ ఫోన్ వాలెట్‌లో ముందే పెట్టుకోవాలి, గేటు దగ్గర రోమింగ్ డేటా కోసం వెతుక్కుంటే వెనకాల వరస తిట్టిపోస్తుంది.

అక్టోబర్ 19, ఆదివారం, టొరంటో

కావాల్సినప్పుడు హోమ్‌రన్ పడకపోతే ఏమవుతుందో ఈ మ్యాచ్‌లో కనిపించింది. 22 ఏళ్ల జేస్ పిచర్ యెసావేజ్ స్ప్లిటర్ వేస్తున్నాడు. బ్యాట్ దగ్గరికొచ్చేసరికి బంతి కిందికి జారుతుంది, గట్టిగా ఊపేవాళ్లు దాని పైభాగాన్ని తాకి నేలబారు బంతి కొడతారు. మూడో ఇన్నింగ్స్‌లో బేస్‌లు నిండాయి, రాలీ నేలబారుగా కొట్టాడు, డబుల్ ప్లే, అంటే ఒకే బంతికి ఇద్దరు అవుట్. నాలుగులో మళ్లీ బేస్‌లు నిండాయి, క్రాఫర్డ్ డబుల్ ప్లే. ఐదులో ఇంకో డబుల్ ప్లే. మూడు ఇన్నింగ్స్ వరసగా ఇలాగే ముగిశాయి. ఫీల్డింగ్‌లో మూడు ఎర్రర్లు కూడా. 6-2తో జేస్ గెలిచారు, సిరీస్ 3-3.

నన్నడిగితే సిరీస్ పోయింది ఆ రోజే. రెండుసార్లు బేస్‌లు నిండి ఉన్నప్పుడు గాల్లోకి ఒక మామూలు బంతి లేపినా పరుగొస్తుంది. ఒక్కటీ రాలేదు.

అక్టోబర్ 20, సోమవారం, టొరంటో

మెరీనర్స్ చరిత్రలో లీగ్ ఫైనల్ ఏడో మ్యాచ్ ఇదే మొదలు. హూలియో డబుల్, నేలర్ సింగిల్, 1-0. ఆ వెంటనే పొలాంకో నేలబారు బంతి. రెండో బేస్‌కి పరిగెడుతున్న నేలర్ అవుటై, మొదటి బేస్‌కి వెళ్తున్న త్రోకి అడ్డంగా ఎగిరాడు. బంతి అతని హెల్మెట్‌కి తగిలింది. అంపైర్లు అడ్డుపడ్డాడని డబుల్ ప్లే ఇచ్చారు, న్యాయమే. ఇన్నింగ్స్ అక్కడితో సరి.

జేస్ సమం చేశారు. మూడులో హూలియో హోమ్‌రన్ 2-1, ఐదులో రాలీ హోమ్‌రన్ 3-1. కర్బీ నాలుగు ఇన్నింగ్స్ చక్కగా వేశాడు. వూ ఐదు, ఆరు దాటించాడు. వరల్డ్ సిరీస్‌కి ఇంకా తొమ్మిది అవుట్లు.

ఏడో ఇన్నింగ్స్. వూ బార్జర్‌కి వాక్ ఇచ్చాడు. కైనర్-ఫలేఫా సింగిల్. హిమెనెజ్ బంట్ పెట్టి (బంతిని మెల్లగా బ్యాట్‌కి తాకించి) ఇద్దరినీ ముందుకి జరిపాడు. రెండు, మూడు బేస్‌ల మీద మనుషులు, ఒక అవుట్, ఎదురుగా స్ప్రింగర్, మోకాలి దెబ్బతో ఆడుతున్నాడు. రిలీఫ్ పిచర్లు కూర్చునే బుల్‌పెన్‌లో క్లోజర్ ఆండ్రెస్ మున్యోజ్ ఉన్నాడు. విల్సన్ పిలిచింది ఎడ్వర్డ్ బజార్డోని.

బజార్డో చెడ్డ ఎంపిక అనలేం. కిందికి జారే సింకర్ వేస్తాడు, నేలబారు బంతులు రాబడతాడు, ఆ ఏడాదంతా ఇలాంటి చోట్లే వాడారు. మున్యోజ్ తొమ్మిదో ఇన్నింగ్స్ మనిషి. కానీ సీజన్‌లో అన్నిటికన్నా ప్రమాదకరమైన బ్యాటర్ ముందు, అన్నిటికన్నా ప్రమాదకరమైన క్షణం ఏడో ఇన్నింగ్స్‌లోనే వచ్చింది. స్ట్రైకవుట్ కావాల్సిన చోట నేలబారు బంతి మీద పందెం కట్టారు. మూడు రోజుల కిందట ష్నైడర్ లిటిల్‌తో చేసింది ఇదే.

మొదటి బంతి జోన్ బయట. రెండోది సింకర్, లోపలివైపు, కిందికి జారాల్సినంత జారలేదు. స్ప్రింగర్ ఎడమవైపు స్టాండ్స్‌లోకి కొట్టాడు. 4-3. మూసిన పైకప్పు కింద ఆ చప్పుడు చాలాసేపు ఆగలేదు.

తొమ్మిదిలో హాఫ్‌మన్ హూలియోని స్ట్రైకవుట్ చేసి ముగించాడు. తర్వాత బ్యాటింగ్‌కి రావాల్సిన రాలీ బ్యాట్ పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు. ఆధిక్యం ఉన్నంతసేపూ మున్యోజ్ ఒక్క బంతీ వేయలేదు.

అక్టోబర్ 21, మంగళవారం

మ్యాచ్ అయ్యాక యూనియన్ స్టేషన్‌లో అడుగు పెట్టే చోటుండదు, గంట ఆగి వెళ్తే నయం. పియర్సన్‌లో నీలం టోపీలవాళ్లు కాస్త జాలిగా మాట్లాడతారు, భరించాలి. వాళ్లూ ఆ తర్వాత డాడ్జర్స్ చేతిలో ఏడో మ్యాచ్‌లో, పదకొండు ఇన్నింగ్స్ ఆడి ఓడారు.

నవంబర్‌లో మెరీనర్స్ నేలర్‌తో ఐదేళ్లకి 92.5 మిలియన్ డాలర్ల ఒప్పందం కుదుర్చుకున్నారు. పొలాంకో న్యూయార్క్ మెట్స్‌కి వెళ్లిపోయాడు. ఉంచుకోవాల్సినవాడినే ఉంచుకున్నారు: ఈ లైనప్‌లో అవసరమైనప్పుడు హోమ్‌రన్ మానేసి సింగిల్ కొట్టగల కొద్దిమందిలో నేలర్ ఒకడు.